హైదరాబాద్ నుంచి లండన్‌కు విమాన దూరం, ప్రయాణ సమయం లెక్కకట్టే విధానం

సుదూరంలో ఉన్న రెండు విమానాశ్రయాల మధ్య దూరాన్ని గోడపటం మీద స్కేలు పెట్టి కొలిస్తే లెక్క తప్పుతుంది. గ్లోబు మీద ఆ రెండు చోట్ల మధ్య దారం బిగించి పట్టినప్పుడు అది సాగే దారే అతి దగ్గరిది. దానిని మహావృత్త మార్గం అంటారు. ఢిల్లీ, శాన్‌ఫ్రాన్సిస్కోల మధ్య ఆ దారం ఉత్తర ధ్రువ ప్రాంతం మీదుగా పోతుంది.

దారం కొలతతో తృప్తిపడనివారు ఫోన్‌లోని కాలిక్యులేటర్‌తో కచ్చితంగానే లెక్కించవచ్చు. శంషాబాద్ విమానాశ్రయం 17.24 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.43 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉండగా, లండన్‌లోని హీత్రో 51.47 ఉత్తర అక్షాంశం, 0.45 పశ్చిమ రేఖాంశం మీద ఉంది. ఒకటి తూర్పు, మరొకటి పశ్చిమం కాబట్టి రేఖాంశాలను తీసివేయకుండా కలపాలి, తేడా 78.88 డిగ్రీలు. రెండు అక్షాంశాల సైన్ విలువలను గుణిస్తే 0.232 వస్తుంది. వాటి కొసైన్ విలువలను, రేఖాంశాల తేడా కొసైన్‌నూ, ఈ మూడింటినీ గుణిస్తే 0.115 వస్తుంది. ఈ రెండింటి మొత్తం 0.347కు విలోమ కొసైన్ 69.7 డిగ్రీలు. డిగ్రీకి 60 నాటికల్ మైళ్లు, నాటికల్ మైలుకు 1.852 కిలోమీటర్లు చొప్పున దూరం దాదాపు 7,750 కిలోమీటర్లు అవుతుంది. కాలిక్యులేటర్ రేడియన్లలో ఉంటే మాత్రం అర్థంలేని అంకె వస్తుంది. ముందుగా డిగ్రీలకు మార్చుకోవాలి.

గంటకు 900 కిలోమీటర్ల వేగంతో ఈ దూరానికి 8 గంటల 36 నిమిషాలు పడుతుంది. రన్‌వే దాకా వెళ్లడానికి, పైకెక్కడానికి, దిగడానికి కనీసం అరగంట కలపాలి. అయినా లండన్ వెళ్లేటప్పుడు పది గంటల వరకూ పట్టడం, వచ్చేటప్పుడు అంతకంటే త్వరగా చేరడం మామూలే. పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ ఇందుకు కారణం; శీతాకాలంలో దాని వేగం గంటకు 200 కిలోమీటర్లు దాటుతుంది.

అందువల్ల దూరాన్ని బట్టి మాత్రమే సమయాన్ని నిర్ణయించడం సరికాదని నా అభిప్రాయం. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా తన ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్‌కు బదులు పసిఫిక్ మీదుగా నడిపినప్పుడు దూరం పెరిగింది, వెనుకగాలి కలిసివచ్చి సమయం తగ్గింది. గగనతలం మూతపడితే ఇందుకు విరుద్ధంగా జరుగుతుంది: 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ భారతీయ సంస్థల విమానాలను నిషేధించాక, ఢిల్లీ నుంచి ఐరోపాకు వెళ్లే వాటి విమానాలు చుట్టుదారి పట్టవలసి వచ్చింది.

టికెట్ మీద ఉండే వేళలు రెండూ స్థానిక కాలమానాలే. ఉదయం 7.30కు హైదరాబాద్‌లో బయలుదేరి మధ్యాహ్నం 12.00కు లండన్ చేరుతుందని ఉంటే, కనిపించే నాలుగున్నర గంటలకు శీతాకాలంలో అయిదున్నర గంటలు కలపాలి. మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం వరకు బ్రిటన్ గడియారం గంట ముందుకు జరుగుతుంది కాబట్టి, ఆ నెలల్లో కలపవలసింది నాలుగున్నర గంటలే.