దసరా సేల్‌లో ల్యాప్‌టాప్ కొనే ముందు: ఎంత పెట్టాలో ఇంట్లోనే తేల్చుకోండి

దసరా దగ్గర పడుతుందంటే పని కోసం ల్యాప్‌టాప్ కొనాలనుకునేవాళ్లకి టెన్షన్ మొదలైనట్టే. ఫోన్ తెరిస్తే పండగ సేల్, సికింద్రాబాద్ వెళ్తే పార్క్‌లేన్ పొడుగునా ఆఫర్ల బ్యానర్లు. "ఇవాళ రాత్రి పన్నెండింటి వరకే" అన్న మాట చూసి చెయ్యి కార్డు మీదికి పోతుంది. టీవీ అయితే నాలుగు వేలు ఎక్కువ పెట్టినా కాస్త పెద్ద తెర వస్తుంది, సరిపెట్టుకోవచ్చు. ల్యాప్‌టాప్‌తో అలా కాదు. ముప్పై వేలు అదనంగా పోసినా, ఆ డబ్బు మీ పనికి అక్కర్లేని భాగం మీద పడితే పని పాత వేగంతోనే సాగుతుంది.

అందుకని ఎంత పెట్టాలన్నది షాపులో కాదు, ఇంట్లో, ఇప్పుడు వాడుతున్న మెషీన్ ముందు కూర్చుని తేల్చుకోవాలి. సేల్ మొదలవడానికి రెండు మూడు వారాల ముందే.

పాత మెషీన్ ఎక్కడ ఆగుతోంది?

పని బాగా ఒత్తిడిగా ఉన్న రోజు ఒకటి చూసుకోండి. రోజూ తెరిచే ఫైళ్లు, ట్యాబులు, సాఫ్ట్‌వేర్లు అన్నీ తెరిచి పెట్టి, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు ఒకేసారి నొక్కితే విండోస్‌లో టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ అన్న ట్యాబులో ఉంటుంది అసలు సంగతి. పని చేసుకుంటూనే, మెషీన్ మొరాయించిన ప్రతిసారీ అటు ఒక చూపు వేయండి.

మెమరీ తొంభై శాతం దగ్గర తచ్చాడుతూ, కింద కమిటెడ్ అన్న అంకె (సాఫ్ట్‌వేర్లు అడిగిన మొత్తం మెమరీ) మీ ర్యామ్‌ని బాగా దాటిపోయి, డిస్క్ కూడా ఊపిరాడకుండా తిరుగుతుంటే మీకు కావలసింది ర్యామ్. ప్రాసెసర్ మొత్తం నూటికి నూరు చూపిస్తుంటే ఎక్కువ కోర్లు, అంటే పని పంచుకునే భాగాలు, ఉన్న చిప్ పనికొస్తుంది. ప్రాసెసర్ పదిహేను శాతమే చూపిస్తూ పని మాత్రం నత్తనడక నడుస్తుంటే, ఆ గ్రాఫ్ మీద రైట్ క్లిక్ చేసి లాజికల్ ప్రాసెసర్స్ అన్న వీక్షణకి మార్చండి. ఒక్క గడి మాత్రం పైకప్పుకి తగులుతూ మిగతావి ఖాళీగా కనిపిస్తాయి. ఆటోక్యాడ్, రెవిట్ వాడే సివిల్ ఇంజనీర్లకి ఇది బాగా పరిచయమైన బొమ్మే. అలాంటివాళ్లు ఇరవై నాలుగు కోర్ల కోసం డబ్బు పోయడం దండగ. ఒక్కో కోర్ ఎంత వేగం అన్నదే చూసుకోవాలి.

గ్రాఫిక్స్ కార్డు సంగతికొస్తే డెడికేటెడ్ జీపీయూ మెమరీ (కార్డుకి సొంతంగా ఉన్న మెమరీ) నిండుతోందా లేదా అన్నది ముఖ్యం. ల్యాప్‌టాప్‌లలో ఎన్విడియా కంపెనీ కార్డు ఆర్‌టీఎక్స్ 4050కి 6 జీబీ, 4060కి 8 జీబీ. చాలామంది గమనించని విషయం, 4070కి కూడా 8 జీబీయే. మెమరీ చాలక 4060 నుంచి 4070కి వెళ్తున్నామనుకుంటే, పెట్టిన డబ్బుకి ఆ ఒక్క విషయంలో పైసా లాభం ఉండదు.

పెళ్లి వీడియోల వాళ్లకి ప్రత్యేకంగా

ఈ ఒక్క ఉదాహరణ కాస్త విడమరిచి చెప్పాలి. ఖరీదుకీ వేగానికీ సంబంధం ఎలా తెగిపోతుందో ఇందులో బాగా కనిపిస్తుంది.

కొత్త మిర్రర్‌లెస్ కెమెరాల్లో చాలావాటితో 4కే వీడియోని హెచ్.265 అనే బాగా కుదించే ఫార్మాట్‌లో, రంగుల వివరం ఎక్కువగా ఉంచే 10 బిట్ 4:2:2 పద్ధతిలో తీయొచ్చు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక గదిలో కూర్చుని ముహూర్తాల సీజన్ మొత్తం పెళ్లిళ్లు కట్ చేసే కుర్రాడి దగ్గరికి వచ్చే ఫుటేజ్‌లో ఇప్పుడు ఇది మామూలే. జీలకర్ర బెల్లం షాట్ టైమ్‌లైన్ మీద వేసి ప్లే నొక్కితే బొమ్మ ఒక్కో ఫ్రేమూ ఈడ్చుకుంటూ వస్తుంది. వెంటనే వచ్చే ఆలోచన, గ్రాఫిక్స్ కార్డు చిన్నది, పెద్దది తీసుకుందాం అని.

కానీ ఆ రకం ఫైల్‌ని విప్పి చూపించే హార్డ్‌వేర్ ఎన్విడియా కార్డుల్లో వచ్చింది ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తోనే. 40 సిరీస్‌లో ఎంత పెద్దది కొన్నా అది ఉండదు. అదే ఇంటెల్ ప్రాసెసర్లలోని సొంత గ్రాఫిక్స్‌లో 11వ తరం నుంచీ ఉంది, ఆపిల్ ఎం సిరీస్ చిప్పుల్లోనూ ఉంది. అంటే ఈ ఒక్క పనిలో, ఏఎండీ ప్రాసెసర్ మీద 4070 బిగించిన లక్షన్నర మెషీన్‌ని, మామూలు ఇంటెల్ చిప్ ఉన్న చవక మెషీన్ మించిపోయే అవకాశం ఉంది. అదీ కాదంటే ప్రాక్సీలు, అంటే అదే వీడియోకి తేలికపాటి కాపీలు, చేసుకుంటే సరి. రాత్రి పడుకునే ముందు ప్రాక్సీలకి పెట్టి వదిలేస్తే పొద్దున పాత మెషీన్ మీదే హాయిగా కట్ చేసుకోవచ్చు. దానికి ఖర్చు కాస్త డిస్క్ జాగా.

డేటా సైన్స్ నేర్చుకుంటున్నవాళ్లకి ఇంకా తేలిక. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల కోర్సులో చేరగానే ఎవరో ఒకరు "గ్రాఫిక్స్ కార్డు లేకుండా కష్టం" అంటారు. నేర్చుకునే దశలో గూగుల్ కోలాబ్ లాంటి ఆన్‌లైన్ చోట జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) ఉచితంగానే కొంత దొరుకుతుంది, మించితే గంటల లెక్కన అద్దెకి దొరుకుతుంది. ఉద్యోగం వచ్చాక కంపెనీ ఎలాగూ మెషీన్ ఇస్తుంది. ఈలోపు నాన్నగారి చేత లక్షన్నర పెట్టించడం నాకైతే నచ్చదు.

నెలకెంత పడుతోంది?

1,50,000 మెషీన్‌ని నాలుగేళ్లు వాడి ముప్పై వేలకి అమ్మారనుకుందాం. నెలకి 2,500 పడింది. 85,000 మెషీన్‌ని నాలుగేళ్ల తర్వాత పదిహేను వేలకి అమ్మితే నెలకి దాదాపు 1,460. తేడా వెయ్యి రూపాయల పైచిలుకు. మీ గంటకి నాలుగు వందలు వస్తుంటే, ఖరీదైన మెషీన్ నెలకి మూడు గంటలు మిగిల్చినా గిట్టుబాటే. వినడానికి తేలిగ్గానే ఉంది కదా, అందరూ పెద్దదే కొనేయొచ్చనిపిస్తుంది.

ఇక్కడే ఒక మెలిక ఉంది. మిగిలిన గంటలో నిజంగా ఇంకో పని దొరుకుతోందా? రెండర్‌కి (ఫైనల్ వీడియో తయారయ్యే పనికి) పెట్టి భోజనానికి వెళ్తే ఆ నలభై నిమిషాలు నష్టం కింద రాసుకోకండి. ఎలాగూ తినేవారే. నష్టం ఎక్కడంటే, మీరు తెర ముందు కూర్చుని మౌస్ పట్టుకుని ఎదురుచూసే చోట. బిల్డ్ అయ్యే దాకా, మోడల్ తిరిగే దాకా, ప్రివ్యూ కదిలే దాకా. ఒక వారం పాటు ఆ నిమిషాలు మాత్రమే కాగితం మీద వేసుకోండి. రోజుకి పది నిమిషాలు కూడా దాటకపోతే పాత మెషీన్‌కి ర్యామో, ఎస్‌ఎస్‌డీయో వేయించి ఇంకో ఏడాది లాగొచ్చు.

తేలిన అంకెలో మొత్తం ల్యాప్‌టాప్‌కే పెట్టకండి. పది పదిహేను శాతం పక్కన ఉంచండి. బ్యాకప్‌కి ఎక్స్‌టర్నల్ డిస్క్, పొడిగించిన వారంటీ, వీలైతే ఒక మానిటర్. బ్యాకప్ డిస్క్ లేకుండా రెండు లక్షల మెషీన్ మీద క్లయింట్ల పని పెట్టుకోవడం కన్నా రిస్క్ ఇంకోటి లేదు.

ఇల్లు కదలకుండా పని చేసేవాళ్లయితే అసలు ల్యాప్‌టాప్ ఎందుకన్నదీ ఆలోచించాలి. అదే డబ్బుకి డెస్క్‌టాప్ ఎక్కువ పని చేస్తుంది, చల్లగా ఉంటుంది, విడి భాగాలు మార్చుకోవచ్చు. ఇక రోజూ మియాపూర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారి రాయదుర్గం వెళ్లేవాళ్లు గేమింగ్ ల్యాప్‌టాప్ బరువుకి దాని అడాప్టర్ బరువు కూడా కలిపి చూసుకోండి. కలిపితే మూడు కిలోల దగ్గరికి పోయేవి ఉన్నాయి.

ర్యామ్ విషయంలో పాత సలహా పనికిరాదు

"ఇప్పుడు పదహారు తీసుకో, తర్వాత వేయించుకోవచ్చులే" అన్నది ఏళ్ల తరబడి మంచి సలహానే. 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్లు మెమరీని ఎగబడి కొంటుండటంతో విడిగా ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. పైగా పల్చటి మెషీన్లలో చాలావాటికి ర్యామ్ బోర్డు మీదే అతికించి వస్తుంది. స్పెసిఫికేషన్లో ఎల్‌పీడీడీఆర్ అని ఉంటే దాదాపుగా అంతే సంగతి, ఆపిల్‌వి అయితే మార్చే ప్రసక్తే లేదు. టాస్క్ మేనేజర్‌లో మీ అవసరం 16 జీబీ దాటిందని తేలితే, ప్రాసెసర్ ఒక మెట్టు దిగైనా సరే 32 ఉన్నదే తీసుకోండి.

షాపులో

సీటీసీ, అంటే పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, పండగ ముందు శనివారం సాయంత్రం వెళ్లే చోటు కాదు. వారం మధ్యలో పొద్దున పూట వెళ్తే షాపువాళ్లకి మాట్లాడే తీరిక ఉంటుంది. ప్యారడైజ్ మెట్రోలో దిగితే నడిచిపోవచ్చు, పార్కింగ్ గొడవ తప్పుతుంది. సంభాషణ ఇంచుమించు ఇలా సాగుతుంది.

"సార్, ఇది ఐ7 సార్, సిక్స్‌టీన్ జీబీ, గ్రాఫిక్స్ కూడా ఉంది. ఐదేళ్లు ఢోకా లేదు."

"గ్రాఫిక్స్ కార్డు ఎన్ని వాట్లన్నా?"

"వాట్లా... అడాప్టర్ పెద్దదే సార్."

ఆ ప్రశ్న ఎందుకంటే, ఆర్‌టీఎక్స్ 4060 అనే పేరుతోనే ల్యాప్‌టాప్‌లలో 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఉంటుంది. పేరొకటే, పనిలో చాలా తేడా. ప్రాసెసర్ల పేర్లూ అంతే. ఏఎండీ వాళ్ల రైజెన్ 7 7730యూ అంటే కొత్తదిలా వినిపిస్తుంది గానీ లోపల ఉన్నది 2020లో వచ్చిన జెన్ 3 కోర్లే. ఇంటెల్‌లో చివర యూ ఉంటే బ్యాటరీ పొదుపు కోసం, హెచ్ అయినా హెచ్ఎక్స్ అయినా పవర్ కోసం. ముందున్న ఐ7 కన్నా చివరి అక్షరమే ఎక్కువ చెబుతుంది.

సిరీస్ పేరు మీద బేరం ఆడకండి. పూర్తి మోడల్ నంబర్‌తో కొటేషన్ వాట్సాప్‌లో పెట్టమనండి. ఒకే సిరీస్‌లో ఒకదానికి మంచి తెర, ఇంకోదానికి 45 శాతం ఎన్‌టీఎస్‌సీ తెర, అంటే రంగులు తక్కువగా చూపించే రకం, ఉంటాయి. రంగులతో పని ఉన్నవాళ్లకి రెండోది ఉచితంగా ఇచ్చినా వద్దు.

"జీఎస్టీ తగ్గింది కాబట్టి ఈ రేటు" అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. 2025 సెప్టెంబర్ 22న ఏసీలు, పెద్ద టీవీల మీద 28 నుంచి 18కి తగ్గింది. ల్యాప్‌టాప్‌ల మీద అంతకుముందూ 18 శాతమే, ఆ తర్వాతా 18 శాతమే.

నో కాస్ట్ ఈఎంఐ

వడ్డీ లేని అప్పు అంటూ ఉండదని రిజర్వ్ బ్యాంక్ 2013లోనే బ్యాంకులకి చెప్పింది. ఇప్పుడు జరిగేదేమిటంటే, వడ్డీ ఎంతో అంత ముందే డిస్కౌంట్‌గా తగ్గించి, తర్వాత వడ్డీ వేస్తారు. 1,20,000 మెషీన్‌కి పన్నెండు నెలలు పది వేల చొప్పున కడుతున్నారనుకోండి. ఏడాదికి 15 శాతం లెక్కన అందులో వడ్డీ సుమారు 9,200. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అంటే దాదాపు 1,650, మీ జేబులోంచే పోతుంది. ప్రాసెసింగ్ ఫీజు వేరే. ఘోరమైన మొత్తమేమీ కాదు. కానీ ఒకేసారి కడితే ఇచ్చే కార్డు డిస్కౌంట్ ఈఎంఐకి వర్తిస్తుందో లేదో చూసుకోండి, అసలు తేడా అక్కడే వస్తుంది. ఇంకో ప్రమాదం, "నెలకి రెండు వేలే కదా ఎక్కువ" అంటూ మీరు ఇంట్లో రాసుకున్న అంకెని దాటించేయడం. రెండు వేలు పన్నెండు నెలలంటే ఇరవై నాలుగు వేలు.

ఫ్రీలాన్సర్లకి ఒక మాట. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే బిల్లు మీద మీ జీఎస్టీ నంబర్ వేయించండి. 1,20,000లో పన్ను భాగం 18,305, అది ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగొస్తుంది. "బిల్లు వద్దంటే తగ్గిస్తా" అన్న బేరం మీకెప్పుడూ నష్టమే, వారంటీ తలనొప్పి దానికి అదనం. ఖాతా పుస్తకాలు రాసి లెక్కలు చూపించేవాళ్లకి కంప్యూటర్ల మీద తరుగుదల 40 శాతం. ఆ ఆర్థిక సంవత్సరంలో 180 రోజులకన్నా తక్కువ వాడితే అందులో సగమే. అంటే అక్టోబర్ మొదటి రెండు మూడు రోజులు దాటాక కొన్నది ఆ ఏడాదికి సగం లెక్కలోకి పోతుంది. దసరాకి ఆగాలా, సెప్టెంబర్‌లోనే కొనాలా అన్నది మీ సీఏతో ఓసారి మాట్లాడి చూసుకోండి.

పెట్టె విప్పేటప్పుడు, ఆ తర్వాత

ఆన్‌లైన్‌లో వస్తే టేపు కోయకముందు నుంచే వీడియో తీయండి. షాపులో అయితే పెట్టె మీది సీరియల్ నంబర్, మెషీన్ అడుగున ఉన్నది, బిల్లు మీద రాసినది మూడూ కలుస్తున్నాయో లేదో అక్కడే చూడండి. అదే నంబర్ కంపెనీ సైట్‌లో కొడితే వారంటీ ఎప్పుడు మొదలైందో తెలుస్తుంది. ఆరు నెలల కిందటే మొదలై ఉంటే కారణం అడగాలి. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ బ్యాటరీరిపోర్ట్ అన్న ఆదేశం ఇస్తే బ్యాటరీ చరిత్ర వస్తుంది. కొత్త మెషీన్‌లో సైకిల్ కౌంట్ (బ్యాటరీ ఎన్నిసార్లు పూర్తిగా వాడారన్న లెక్క) పదుల్లో ఉంటే అది కొత్తది కాదు.

సెకండ్ హ్యాండ్ చూస్తున్నవాళ్లు ఇంటెల్ 8వ తరం కన్నా పాతవి ముట్టుకోవద్దు. విండోస్ 11కి అధికారికంగా అర్హత ఉండదు, విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది.

షాపు ఏసీలో చల్లగా నడిచిన మెషీన్ మే నెలలో మూడో అంతస్తు గదిలో అలాగే నడవదు. బయట నలభై దాటితే లోపల ఫ్యాన్లు ఎంత తిరిగినా చిప్ వేగం తగ్గించుకుంటుంది. రిటర్న్ గడువు లోపే ఫ్యాన్ గాలి తప్ప ఏసీ లేని గదిలో మీ అసలు పని గంటసేపు నడిపి చూడండి. పాత అపార్ట్‌మెంట్లలో ప్లగ్గులకి ఎర్తింగ్ సరిగా ఉండదు. మెటల్ బాడీ ల్యాప్‌టాప్ చార్జింగ్‌లో ఉండగా అరచేతికి జిలజిలమంటుంటే మెషీన్‌ని తిట్టకుండా ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ప్లగ్ చూపించండి.

బిల్లు థర్మల్ పేపర్ మీద ఇచ్చారంటే ఆ రోజే ఫొటో తీసి మీ మెయిల్‌కి పంపుకోండి. క్లెయిమ్ పెట్టే నాటికి అక్షరాలు చెరిగిపోయి తెల్ల కాగితమే మిగిలే రకం అది.