రోబో గూఢచారి, పక్కనే గౌరి: ఈ స్కిట్ స్టేజి మీద ఎలా చెయ్యాలి?

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ, బరంపురం, ఎక్కడ మన తెలుగోళ్ల ప్రోగ్రాం పెట్టినా, చవితి పందిరి కానీ, దసరా కానీ, ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం కానీ, పిల్లల స్కిట్ ఒకటి ఉండాల్సిందే, అందులో రోబో ఉందంటే చాలు ఆ వేషం నాకంటే నాకని కొట్టుకుంటారు. మా వైపు పిల్లలతో నేను చేయించే కథ ఇది. ఊరి చెరువు మదుము, అంటే నీళ్లు వదిలే తూము, దాని తాళంచెవి ఎవడో కొట్టేస్తాడు, వాణ్ణి పట్టుకోడానికి ఇనపబాబు అనే రోబో గూఢచారి బయల్దేరతాడు. ధైర్యం బోలెడు, ముందూ వెనకా చూసుకోవడం మాత్రం లేదు. వాడి పక్కన గౌరి అనే పిల్ల, ఎవరూ లెక్కచెయ్యని అసిస్టెంటు. ప్రతి గండం నుంచీ వాణ్ణి తప్పించేదీ గౌరే, దొంగని పట్టేదీ గౌరే, దండ మాత్రం ఇనపబాబు మెళ్లో పడుతుంది.

ఇంతే కథ. దీన్ని కూడా ఏటా ఎక్కడో ఒకచోట పాడుచేస్తున్నారు, చూసి చూసి విసుగొచ్చి రాస్తున్నా.

ముందు వేషం. రెండు అట్టపెట్టెలు, ఒకటి ఒంటికి, ఒకటి తలకి. ఒంటి పెట్టె మోకాళ్ల పైనే ఆగాలి, లేకపోతే మెట్టు ఎక్కలేడు. తల పెట్టెకి ముందు వైపు మొత్తం కోసెయ్యండి, కళ్లకి రెండు చిల్లులు పెట్టి వదిలేస్తే గాలి ఆడదు, గొంతు బయటికి రాదు, మొహం కనపడదు, మొహం కనపడకపోతే ఇంక నటన ఎందుకు. రంగు సిల్వర్ పెయింటే, మెరుపు కాయితం అంటించొద్దు, కదిలినప్పుడల్లా మైకులో గరగరమంటుంది. గుండె దగ్గర లైట్లకి యూఎస్‌బీతో నడిచే 5 వోల్టుల ఎల్‌ఈడీ స్ట్రిప్, లోపల పవర్‌బ్యాంకు. 12 వోల్టుల స్ట్రిప్ కొని దానికి 9 వోల్టుల బ్యాటరీ తగిలిస్తే మసగ్గా వెలుగుతుంది. పవర్‌బ్యాంకుతో కూడా ఒక తిరకాసుంది, స్ట్రిప్ మరీ చిన్నదైతే కరెంటు తక్కువ లాగుతుంది కాబట్టి వాడట్లేదనుకుని కొన్ని వాటంతటవే ఆగిపోతాయి, అందుకని ముందురోజే స్కిట్ ఎంతసేపో అంతసేపూ వెలిగించి చూసుకోండి. పిల్లాడి ఒంటి మీదకి గోడ ప్లగ్గు నుంచి వైరు మాత్రం ఎవరు చెప్పినా లాగొద్దు.

గౌరికి మామూలు లంగా జాకెట్టు, భుజం మీద తువ్వాలు. దొంగకి మీసాలు, కాపలావాడికి లాఠీ. సెట్టింగుకి ఒక అరటిచెట్టు. ఐపోయింది.

ఇంక వేషాలు ఎవరికి ఇవ్వాలి. అందరూ ఏం చేస్తారంటే గట్టిగా మాట్లాడే చురుకైన పిల్లాడికి ఇనపబాబు, డైలాగులు గుర్తుండని పిల్లకి గౌరి. తిరగెయ్యండి దాన్ని. మీ దగ్గరున్న వాళ్లలో అందరికంటే బాగా చేసే పిల్లే గౌరి వెయ్యాలి. ఇనపబాబుకి సగం పని పెట్టే చేసిపెడుతుంది, గౌరికి చెయ్యీ చూపూ తప్ప ఇంకేం లేవు. మాటలు తక్కువున్నాయి కాబట్టి చిన్న వేషం అనే పెద్దల్ని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, ఆ మాట ఆ పిల్ల ముందే అంటారు కూడా.

ఇప్పుడు అసలు సంగతి, స్కిట్ నిలబడేదీ కూలిపోయేదీ ఇక్కడే, కాస్త నిదానంగా చదవండి.

గౌరి ఇనపబాబుని కాపాడే ఘట్టం జనానికి పూర్తిగా కనపడాలి, ఇనపబాబుకి అస్సలు కనపడకూడదు. వినడానికి తేలికే. కానీ నేను చూసిన చాలా స్కిట్లలో గౌరిని రోబో వెనకాల నిలబెడతారు, చాటుగా సాయం చేస్తోంది కదా అని. అంత పెద్ద పెట్టె వెనకాల పిల్ల ఏం చేస్తోందో ఎవడికి తెలుస్తుంది? జనానికి పెట్టె తప్ప ఏమీ కనపడదు, రోబో ఎలా బతికిపోయాడో అర్థం కాదు, నవ్వు రాదు. గౌరి ముందుండాలి, రోబో వెనక, ఎత్తు మీద ఉండాలి. గంజాం వైపు ప్రహ్లాద నాటకం చూసినవాళ్లకి తెలుసు, హిరణ్యకశిపుడికి మెట్లు మెట్లుగా మంచె కడతారు, రాజు ఆ పైనుంటాడు, కింద ఎంతమంది తిరిగినా ఆయన మరుగున పడడు. మనకి అంత మంచె అక్కర్లేదు, గట్టి చెక్క బల్ల ఒకటి పొట్టిది చాలు, అటూ ఇటూ మెట్టుకి రెండేసి ఇటుకలు. రోబో దాని మీద, గౌరి కింద, రెండడుగులు ముందుకి, ఒక పక్కకి. ఇప్పుడు ఇద్దరూ కనపడతారు, పైగా వాడు పైనుండి దూరంగా చూస్తుంటాడు కాబట్టి కాళ్ల దగ్గర జరిగేది గమనించలేదంటే జనం నమ్ముతారు.

తరవాత వరస. గండం ముందు జనానికి కనపడాలి, ఆ తరవాత గౌరికి, అప్పుడు గౌరి చెయ్యి కదలాలి, పని అయ్యాక రోబో తిరగాలి, వాడు తిరిగేసరికి గౌరి మామూలుగా నిలబడి ఉండాలి. వీటిలో ఏ రెండూ ఒకేసారి జరగకూడదు. ఒకటి చెప్తా చూడండి. కాపలావాడు వస్తున్నాడు, ఇనపబాబు అరటిచెట్టు చాటున బిగుసుకుని నిలబడ్డాడు, గుండె మీద లైట్లు మాత్రం భగభగ వెలుగుతున్నాయి. ఇక్కడ ఆగాలి. జనం లైట్లు చూసి నవ్వాలి. అప్పుడు గౌరి చూస్తుంది. మళ్లీ ఒక్క క్షణం. భుజం మీద తువ్వాలు తీసి, దులిపి, బట్టలు ఆరేస్తున్నట్టు ఆ లైట్ల మీద ఆరేస్తుంది. కాపలావాడు తువ్వాలు కేసి చూసి వెళ్లిపోతాడు. అప్పుడు ఇనపబాబు అంటాడు, "చూశావా గౌరమ్మా, నేను దాక్కున్నానంటే దేవుడు కూడా కనిపెట్టలేడు." గౌరి తువ్వాలు మడత పెట్టుకుంటూ "అవునన్నయ్యా" అంటుంది. పెద్ద నవ్వు ఆ మడత దగ్గరొస్తుంది, ఆ నవ్వు దిగేదాకా ఎవరూ నోరు విప్పకూడదు.

ఇందుకే రికార్డు చేసిన డైలాగులకి పెదాలు కదిపే పద్ధతి నాకు నచ్చదు. మైకు గోల లేదు, పిల్లలు మర్చిపోరు అంటారు, నిజమే, కానీ జనం ఒక ఊళ్లో ఎక్కువసేపు నవ్వుతారు ఇంకో ఊళ్లో తక్కువ నవ్వుతారు, రికార్డు ఆగదు కదా, "అవునన్నయ్యా" నవ్వులో కొట్టుకుపోతుంది. దండిగా డబ్బు పెట్టి స్టూడియోలో రికార్డు చేయించిన స్కిట్లు కూడా ఇలాగే చచ్చాయి.

ఇంకో రెండు జాగ్రత్తలు. గౌరి జనం కేసి చూసి కన్ను కొట్టకూడదు, తల కొట్టుకోకూడదు, "చూశారా నా బాధ" అన్నట్టు మొహం పెట్టకూడదు. పెట్టిందంటే చాడీ చెప్పినట్టే. ఆ పిల్లకి వాడంటే ఇష్టం, వాడికేం కాకూడదని చేస్తోంది, అది మొహంలో ఉంటే చాలు. అలాగే ఇనపబాబు వేసే కుర్రాడికి కాళ్ల దగ్గర ఏం జరుగుతోందో తెలుసు కాబట్టి కళ్లు అటే పోతాయి. దానికి మందు ఒకటే, మొదటి రిహార్సల్ నుంచే పెట్టెలు తగిలించండి. తల పెట్టె ఉంటే పక్కలు నిజంగానే కనపడవు, మెడ తిప్పలేడు, ఒళ్లంతా తిప్పాలి, ఆ తిరగడానికి పట్టే టైములోనే గౌరి పని ముగుస్తుంది. ఆఖరి రోజు పెట్టె తొడిగితే ఈ లెక్కంతా తప్పుతుంది. ఇనపబాబుని తెలివితక్కువ వాడిలా కూడా చేయించొద్దు, వాడు మనస్ఫూర్తిగా ప్రాణానికి తెగించి ముందుకి దూకే రకం, వాణ్ణి చూసి ముచ్చటేస్తేనే గౌరి వాడి కోసం ఎందుకంత పడుతోందో తెలుస్తుంది.

భాష సంగతి. రోబోకి రైల్వేస్టేషన్ అనౌన్సుమెంటు లాంటి తెలుగు పెట్టండి, ఒక్కో మాటా విడగొట్టి, "దయచేసి వినండి, నేను రహస్యంగా వచ్చాను" అని అంత గొంతుతోనూ. గౌరికి మాత్రం మన ఇళ్లల్లో మాటే, "ఏటన్నయ్యా, ఊరంతా ఇనబడేలా రహస్యం సెప్తావేటి" అనాలి. పుస్తకం తెలుగు ఆ పిల్ల నోట్లో పెట్టకండి. వాడుక భాష కోసం అంత పోరాడిన గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పింది మన పర్లాకిమిడి రాజావారి బడిలోనే, ఆయన పుట్టినరోజునాడే చేసే ప్రోగ్రాంలో పిల్లలు గ్రాంథికం వల్లిస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఇంకో లాభం, మన పందిళ్లకి ఒడియా వాళ్లు కూడా వస్తారు, కాపాడే ఘట్టాల్లో మాటలు లేకుండా చేస్తే వాళ్లూ మనతోపాటే నవ్వుతారు.

ఇలాంటి ఘట్టాలు మూడు చాలు. అరటిచెట్టు ఒకటి. రోబో రహస్యం గట్టిగా చెప్తుంటే గౌరి కంచం మోగిస్తూ కోళ్లని పిలవడం రెండోది. మూడోది దొంగని పట్టడం, ఇనపబాబు తప్పు మనిషి మీద దూకుతాడు, అసలు దొంగ అటు పరిగెడుతూ గౌరి జరిపిన పీటకి తగిలి పడతాడు, తాళంచెవి గౌరి కాళ్ల దగ్గర పడుతుంది.

ముగింపులో సర్పంచి వేషం వచ్చి "నిజమైన హీరో గౌరి" అని మైకులో చెప్పించే పని పెట్టుకోవద్దు, దాదాపు అందరూ పెడతారు, అక్కడితో జనం కనిపెట్టిందంతా వాళ్ల దగ్గర్నుంచి లాక్కున్నట్టవుతుంది. ఇనపబాబు బల్లెక్కి దండ వేయించుకుని స్పీచ్ దంచుతుండాలి, గౌరి కింద ముందువైపు కూర్చుని మదుము తాళం తీసే పనిలో ఉండాలి, తాళం వచ్చేదాకా స్పీచ్ నడవాలి, రాగానే తెర.

దండం పెట్టడానికి గౌరిని ముందు పంపండి, ఇనపబాబుని ఆఖర్న. పవర్‌బ్యాంకు వెంటనే తీసెయ్యండి, పెట్టెలు టేపు దగ్గర కోసి చదును చేసి అటక మీద పెట్టండి, మన వానలకి నేల మీద పెడితే అట్ట మెత్తబడిపోతుంది.