డాస్‌లో టీఎస్ఆర్ ప్రోగ్రాములు – 3: ముగిసినా చోటు ఖాళీ చేయకుండా

కిందటి భాగంలో మెమరీ మొదట్లోనే ఉండే ఇంటరప్ట్ పట్టికను (ఏ పిలుపు వస్తే ఏ చిరునామాలోని కోడ్ నడవాలో చెప్పేది) చూశాం: 256 గడులు, ఒక్కో గడికి 4 బైట్లు. ఈసారి అందులో ఒక గడిని మన వైపు తిప్పుకొని, ప్రోగ్రామ్ ముగిశాక కూడా మెమరీలోనే ఉండిపోదాం; టీఎస్ఆర్ (టర్మినేట్ అండ్ స్టే రెసిడెంట్) అంటే ఇదే. 1984లో బోర్లాండ్ తెచ్చిన సైడ్‌కిక్ నడుస్తున్న పని మీదే క్యాలిక్యులేటర్ తెరిచి చూపించిందంటే, దాని అడుగున ఉన్నదీ ఈ ఏర్పాటే.

మనం పట్టుకోబోయేది 1సీహెచ్ ఇంటరప్ట్ (చివరి హెచ్ హెక్సా, అంటే 16 ఆధారపు సంఖ్యల గుర్తు). సెకనుకు దాదాపు 18.2 సార్లు గడియారం దీన్ని పిలుస్తుంది. పిలిచినప్పుడల్లా తెర కుడివైపు పైమూలలోని అక్షరాన్ని ఒకటి పెంచుదాం. పనికిమాలిన ప్రోగ్రామే, కానీ బతికి ఉందో లేదో కంటికి కనిపిస్తుంది. నేర్చుకునేటప్పుడు అంతకన్నా కావలసింది లేదు.

ఇది కామ్ (.COM) ఫైలు కాబట్టి కోడ్ 100హెచ్ దగ్గర మొదలవుతుంది. మొదటి ఆదేశం చివరనున్న స్థాపన భాగానికి గెంతుతుంది. ఆ తర్వాత గడిలో ఇదివరకున్న పాత చిరునామాకు 4 బైట్లు, దాని కింద మన హ్యాండ్లర్ (పిలుపు వచ్చినప్పుడు నడిచే కోడ్), అన్నిటికన్నా చివర స్థాపన భాగం. ఈ వరుస మార్చకండి. నిలిచి ఉండాల్సింది ముందు, ఒక్కసారి వాడి వదిలేసేది వెనక ఉంటేనే తోక కత్తిరించడం వీలవుతుంది.

హ్యాండ్లర్‌లో ఏఎక్స్, ఈఎస్ రిజిస్టర్లను స్టాక్‌లో దాచండి. ఈఎస్‌లో బీ800హెచ్ (రంగు తెర మెమరీ మొదలయ్యే సెగ్మెంటు) పెట్టి, 158వ బైటును ఒకటి పెంచండి. రంగు తెరలో వరుసకు 80 అక్షరాలు, ఒక్కోదానికి 2 బైట్లు కనుక, సున్నా నుంచి లెక్కిస్తే చివరిదైన 79వ గడి 158 దగ్గర ఉంటుంది. దాచినవి తిరిగి తీసుకుని, పాత చిరునామాకు దూర జంప్ చేయండి. ఆ చిరునామాను సీఎస్ (కోడ్ సెగ్మెంటు) ఆధారంగానే చదవాలి. గడియారం ఎవరి పని మధ్యలో పిలిచిందో తెలియదు, ఆ క్షణాన డీఎస్ (డేటా సెగ్మెంటు) ఎవరిదైనా కావచ్చు. డీఎస్‌ను నమ్మి జంప్ చేస్తే యంత్రం బిగుసుకుపోతుంది. హ్యాండ్లర్‌లో 21హెచ్‌ను (డాస్ సేవలు అడిగే ఇంటరప్ట్) మాత్రం పిలవకండి: డాస్ తన పనిలో ఉండగా మళ్లీ లోపలికి వెళితే తట్టుకోలేదు.

ఇక స్థాపన. 21హెచ్‌లో 35హెచ్ సేవతో పాత చిరునామా అడగండి. బీఎక్స్‌లో ఆఫ్‌సెట్, ఈఎస్‌లో సెగ్మెంట్ వస్తాయి. అదే వరుసలో దాచి, 25హెచ్ సేవతో కొత్తది పెట్టండి. తర్వాత పీఎస్పీలో (ప్రోగ్రామ్ కోడ్‌కు ముందు డాస్ పెట్టే 256 బైట్ల సమాచార భాగం) 2సీహెచ్ దగ్గరున్న సెగ్మెంటును ఈఎస్‌లోకి తెచ్చుకుని 49హెచ్ పిలిస్తే, ఎన్విరాన్‌మెంట్ (పాత్ లాంటి సెట్టింగులు) నకలు పట్టుకున్న చోటు ఖాళీ అవుతుంది. చాలామంది ఇది చేయరు. 640 కిలోబైట్లలో బతికే యంత్రం మీద అది దుబారా.

చివరిది 31హెచ్. ఎంత చోటు ఉంచుకోవాలో డీఎక్స్‌లో చెప్పాలి, బైట్లలో కాదు, 16 బైట్ల పేరాల్లో. స్థాపన భాగం 128హెచ్ దగ్గర మొదలైందనుకోండి, అంటే 296. దానికి 15 కలిపితే 311; 16తో భాగిస్తే 19, శేషం వదిలేయండి. డీఎక్స్‌లో 19 పెడితే 304 బైట్లు మనవి. పీఎస్పీ 256 బైట్లు ఇందులోనే ఉన్నాయి, ఎందుకంటే లెక్క మొదలైందే దాని మొదటి బైటు నుంచి. మళ్లీ కలిపితే నష్టమేమీ లేదు, వృథా అంతే. తక్కువ చెబితేనే కొంప మునుగుతుంది: తర్వాత నడిచే ప్రోగ్రామ్ మన హ్యాండ్లర్ తోక మీదే కూర్చుంటుంది.

ఫ్రీడాస్‌లో (డాస్‌కు ఉచిత ప్రత్యామ్నాయం) నడిపి, మెమ్ ఆదేశానికి /సీ జోడించి చూడండి. జాబితాలో మీ ప్రోగ్రామ్ పేరు కనిపించాలి. ఇప్పుడు దాన్నే రెండోసారి నడపండి. మూలలోని అక్షరం రెట్టింపు వేగంతో మారుతుంది: రెండో ప్రతి తన పని చేసి మొదటి ప్రతికి జంప్ చేస్తోంది, అదీ ఒకటి పెంచుతోంది. మెమరీలో ఇప్పటికే ఉన్నామో లేదో 2ఎఫ్‌హెచ్ ఇంటరప్ట్ ద్వారా అడిగి తెలుసుకోవడం వచ్చే భాగంలో. ఈలోగా మూడో ప్రతి కూడా ఎక్కించి, మెమ్ చూపే లెక్క మీ డీఎక్స్‌తో సరిపోతుందో లేదో చూసి ఉంచండి.