వేట నిషేధ కాలంలో మరబోటును నిలిపి ఉంచే పద్ధతి

2020 మార్చిలో కరోనా వల్ల విహార నౌకలు ప్రయాణాలు మానుకుని రేవులకు చేరినప్పుడు వాటి యజమానులకు ఎదురైన ప్రశ్నే, ఆంధ్ర తీరంలోని జువ్వలదిన్నెలోనో కొత్తపట్నంలోనో చేపల వేటపై నిషేధం మొదలయ్యే ఏప్రిల్ 15న ఏటా బోటు కట్టేసేవారికీ ఎదురవుతుంది: మళ్లీ ఎప్పుడు కదలాలి? త్వరలో పిలుపు వస్తుందనుకున్న కంపెనీలు కొద్దిమంది సిబ్బందిని ఓడలోనే ఉంచి, జనరేటర్లు, ఏసీలు నడుపుతూ వచ్చాయి. నెలల తరబడి పని లేదని తేలిన ఓడల్లో యంత్రాలు ఆపేసి, తేమను లాగే పరికరాలు మాత్రం పెట్టి వదిలేశాయి. రెండో పద్ధతిలో ఖర్చు తక్కువే గాని, అలా వదిలిన ఓడను తిరిగి నడకకు తేవడానికి వారాలు పడుతుంది.

మన తీరంలో నిషేధం జూన్ 14 వరకు, అంటే 61 రోజులే గనుక మొదటి పద్ధతే తగినది. పైగా గడువు మారదనే భరోసా లేదు. 2020లో లాక్‌డౌన్ కారణంగా దానిని 47 రోజులకు కుదించి మే 31తో ముగించారు. ఇంజన్ మొత్తం విప్పి షెడ్డులో పడేయడం అందుకే మంచిది కాదు.

శ్రద్ధంతా ఇంజన్ మీదే ఉండాలి. కట్టేసే రోజే ఉప్పునీటి పైపుల గుండా మంచినీరు పంపుతూ కొంతసేపు నడిపి, ఆ వెంటనే ఆయిల్ మార్చాలి. బయలుదేరే ముందు మార్చవచ్చులే అని వాయిదా వేయడం నా దృష్టిలో దండగ పొదుపు, ఎందుకంటే పాత ఆయిల్‌లో చేరిన ఆమ్లాలు ఆ రెండు నెలలూ బేరింగులను తింటూనే ఉంటాయి. డీజిల్ ట్యాంకును దాదాపు నిండుగా ఉంచాలి. లేకపోతే ఖాళీలోని గాలి తేమ రాత్రిపూట నీరై అడుగుకు దిగి, నీరూ డీజిలూ కలిసే చోట నల్లటి జిగురు పెరిగి, వేటకు వెళ్లిన మొదటి రోజే ఫిల్టరును మూసేస్తుంది. వారానికొకసారి మోకుల ముడులు గట్టిగా ఉన్నాయని చూసుకుని, గేరు వేసి అరగంట నడపాలి. ఊరకే ఐడిల్‌లో తిప్పితే ఇంజన్ సరిగా వేడెక్కదు.

నిలిచిన నీటిలో ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే లెజియోనెల్లా బ్యాక్టీరియా పెరుగుతుందని, ఆగిన నౌకల్లో ఖాళీ గదుల కుళాయిలను కూడా క్రమం తప్పకుండా తిప్పి నీరు వదిలేవారు. బోటులో అంత శ్రమ అక్కరలేదు. తాగునీటి ట్యాంకును ఖాళీ చేసి, తిరిగి నింపే ముందు బ్లీచింగ్ పౌడరుతో కడిగితే చాలు.

2010 మే 20న లైలా తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది కనుక వేసవే కదా అని ఒంటి మోకుతో వదలకూడదు. మోకు రాసుకునే చోట పాత రబ్బరు గొట్టం తొడిగి, ఆటుపోట్లకు సరిపడా వదులు ఇవ్వాలి.

ఒడ్డుకు లాగిన కర్రబోటుకు మే ఎండలో పలకల సందులు విచ్చుకుంటాయి. నీడ కల్పించి, దించే ముందు సందులు పూడ్చి, కర్ర నీరు పీల్చి బిగుసుకునేవరకు రేవులోనే ఉంచి, లోపలికి ఊరే నీటిని తోడుతూ ఉండాలి.