అమెరికాలో ఆర్నెల్లు ఉండబోయే అమ్మానాన్నల ఫోన్ ఖర్చు తగ్గించడం ఎలా?

కూతురి పురిటికో, మనవల్ని చూసుకోవడానికో, ఊరికే చూసి రావడానికో అమెరికా వెళ్లే పెద్దవాళ్లు చాలామంది ఆర్నెల్ల దాకా ఉంటారు. అన్నాళ్లున్నా మాట్లాడుకోవడానికి పెద్దగా ఖర్చవదు. ఇంట్లో వైఫై ఉంటుంది, అందరి దగ్గరా వాట్సాప్ ఉంటుంది. డబ్బు పోయేది మనకు తెలియకుండా ఫోన్ తనంతట తాను చేసే పనుల వల్ల. అంతకంటే పెద్ద నష్టం, ఇండియా నంబర్ ఆగిపోయి బ్యాంకు పనులన్నీ నిలిచిపోవడం. ఈ రెండింటికీ విరుగుడు ప్రయాణానికి రెండు వారాల ముందే, ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు.

మొదటి పని: ఇండియా నంబర్ ఆగిపోకుండా చూసుకోండి

బ్యాంకు ఓటీపీ, ఆధార్, పెన్షన్ ఖాతా, గ్యాస్ బుకింగ్, అన్నీ ఆ పది అంకెల మీదే నడుస్తాయి. అక్కడ వాడం కదా అని రీచార్జి మానేస్తే కొన్నాళ్లకు నంబర్ ఆగిపోతుంది, తర్వాత ఇంకొకరి చేతికి పోతుంది. అలాగని రోజుకు రెండు జీబీల డేటా ప్లాన్ వేయించుకుని వెళ్లడం కూడా దండగే. ఇక్కడి ఆ డేటా అక్కడ పనికిరాదు. 2024 డిసెంబర్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశించాక డేటా లేకుండా కాల్స్, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే ప్లాన్లు వచ్చాయి. 2025లో ఎయిర్‌టెల్ 365 రోజులకు రూ.1,849, జియో 336 రోజులకు రూ.1,748 ధర పెట్టాయి. ధరలు మారుతుంటాయి కాబట్టి రీచార్జి చేసే ముందు యాప్‌లో చూసుకోండి. తిరిగొచ్చాక కూడా కనీసం నెల రోజులు గడువు మిగిలేలా ఉండాలి.

తర్వాత కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి మూడు సంగతులు అడగండి: నా నంబర్ మీద ఇంటర్నేషనల్ రోమింగ్ (మన సిమ్ విదేశంలోనూ పనిచేసే సౌకర్యం) ఆన్‌లో ఉందా? అమెరికాలో వచ్చే ఎస్సెమ్మెస్‌లకు డబ్బు తీసుకుంటారా? అవి రావడానికి ఏదైనా ప్యాక్ తప్పనిసరా? ఓటీపీల కోసమే రోమింగ్ కావలసిన వాళ్లకు వేల రూపాయల కాలింగ్ ప్యాక్ అక్కర్లేదు. దారిలో ఒకటి రెండు రోజులకు కావాలంటే చిన్న ప్యాక్ సరిపోతుంది.

రెండో పని: ఫోన్ అక్కడ పనిచేస్తుందో లేదో చూడండి

చాలామంది దీన్ని వదిలేసి అక్కడికెళ్లాక ఇబ్బంది పడతారు. అమెరికాలో పెద్ద కంపెనీలు 2022లో 3జీని మూసేశాయి. ఇప్పుడు వోల్టీ, అంటే 4జీ మీదే కాల్ నడిచే పద్ధతి, పనిచేస్తేనే కాల్ కలుస్తుంది. పైగా అక్కడి పెద్ద కంపెనీల్లో ఒకటైన ఏటీ అండ్ టీ తాను ఒప్పుకున్న ఫోన్ మోడళ్లనే నెట్‌వర్క్‌లోకి రానిస్తుంది. మన దగ్గర అమ్ముడుపోయే ఫోన్లలో చాలా మోడళ్లు ఆ జాబితాలో ఉండవు. డయలర్‌లో *#06# కొడితే వచ్చే ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు) నంబర్‌ను అక్కడున్న అబ్బాయికో అమ్మాయికో పంపండి. వాళ్లు తీసుకోబోయే కంపెనీ వెబ్‌సైట్‌లో దాన్ని కొట్టి చూస్తే ఆ ఫోన్ చెల్లుతుందో లేదో తెలుస్తుంది. ఇక్కడ కొన్న ఫోన్లకు సాధారణంగా టీ-మొబైల్ అనే ఇంకో పెద్ద కంపెనీ నెట్‌వర్క్ మీద నడిచే సిమ్‌లతో అవకాశం ఎక్కువ.

పిల్లలు తమ పాత ఐఫోన్ ఇస్తామంటే ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. అమెరికాలో అమ్మిన ఐఫోన్ 14, ఆ తర్వాతి మోడళ్లలో సిమ్ పెట్టే చోటే ఉండదు. వాటిలో ఈ-సిమ్, అంటే ముక్క పెట్టక్కర్లేకుండా ఫోన్‌లోనే ఎక్కించుకునే సిమ్, మాత్రమే పనిచేస్తుంది. ఆ ఫోన్ వాడాలంటే ఇండియా నంబర్‌ను కూడా ఈ-సిమ్‌గా మార్చుకోవాలి. ఆ మార్పు ఇక్కడ ఉండగానే చేయించండి. సిమ్ మారాక 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆగుతాయి, యూపీఐ యాప్‌లలో మళ్లీ నమోదు చేసుకోవాలి. అందుకే ఇది ప్రయాణం ముందు రోజు పెట్టుకునే పని కాదు, కనీసం వారం ముందు అయిపోవాలి.

మూడో పని: సెట్టింగులు

ఈ భాగం మాత్రం పిల్లలు వీడియో కాల్‌లో ఉండి దగ్గరుండి చేయిస్తే మంచిది. “నాన్నా, సెట్టింగ్స్‌లోకి వెళ్లండి, సిమ్ అని ఉన్నది నొక్కండి” అని ఒక్కో అడుగూ చెప్పి, స్క్రీన్ చూపించమని అడగండి.

ఇండియా సిమ్ మీద డేటా రోమింగ్ ఆఫ్ చేయండి. ఐఫోన్‌లో రెండు సిమ్‌లుంటే ఒక సిమ్ నుంచి ఇంకో సిమ్‌కు డేటా తనంతట తాను మారే ఆప్షన్ కూడా ఆపేయండి. లేదంటే అమెరికా సిమ్‌కు సిగ్నల్ తగ్గగానే ఇండియా సిమ్ మీదికి పోవచ్చు. ##002# కొట్టి కాల్ ఫార్వర్డింగ్ అంతా రద్దు చేయండి. రోమింగ్‌లో ఉండగా ఎత్తని కాల్ వేరే నంబర్‌కు మళ్లితే దానికీ బిల్లు పడొచ్చు. ఐఫోన్‌లో మెసేజ్‌లకు, వీడియో కాల్స్‌కు ఉండే ఐమెసేజ్, ఫేస్‌టైమ్ ఇండియా నంబర్‌తో మళ్లీ ఆన్ అయ్యేటప్పుడు ఫోన్ మనకు కనబడకుండా విదేశానికి ఒక ఎస్సెమ్మెస్ పంపుతుంది. వాటిని ఈమెయిల్ ఐడీతో పెట్టుకుంటే ఆ బెడద ఉండదు. యూపీఐ యాప్‌ను అక్కడ తీసేసి మళ్లీ ఎక్కించినా ఇలాగే ఎస్సెమ్మెస్ వెళ్తుంది కాబట్టి దాని జోలికి పోవద్దు.

కాంటాక్టులన్నిటికీ ముందు +91 చేర్చడం విసుగు పుట్టించే పనే, కానీ తప్పదు. హైదరాబాద్‌లో పాత నంబర్లు చాలా 9848తో మొదలవుతాయి. 984 అనేది అమెరికాలో నార్త్ కరోలినా ఏరియా కోడ్. అమెరికా సిమ్ నుంచి ఆ పది అంకెలే కొడితే ఫోన్ చెల్లెలికి బదులు అక్కడెవరో తెలియని వాళ్లింట్లో మోగుతుంది.

విమానంలో ఎయిర్‌ప్లేన్ మోడ్ తీయకండి. కొన్ని విమానాల్లో సొంత మొబైల్ నెట్‌వర్క్ ఉంటుంది, మామూలు రోమింగ్ ప్యాక్‌లు దానికి వర్తించకపోవచ్చు. దుబాయ్‌లోనో దోహాలోనో దిగినప్పుడు ఎయిర్‌పోర్టు వైఫై చాలు. దిగామని చెప్పడానికి ఒక్క వాట్సాప్ మెసేజ్ పెట్టేస్తే సరి.

నాలుగో పని: అక్కడి నంబర్

పిల్లలకు ఫ్యామిలీ ప్లాన్ ఉంటే ముందు అందులో ఇంకో లైన్ చేర్చడానికి ఎంతవుతుందో అడగండి. నాలుగో లైనో ఐదో లైనో ఒక్కోసారి చవగ్గా వస్తుంది. లేకపోతే ప్రీపెయిడ్. మింట్ మొబైల్, టెల్లో లాంటి బ్రాండ్లు పెద్ద కంపెనీల నెట్‌వర్క్ మీదే నడుస్తూ తక్కువకిస్తాయి. 2025లో మింట్‌లో మూడు నెలలకు ఒకేసారి కడితే కొత్తవాళ్లకు నెలకు 15 డాలర్ల దాకా పడే ప్లాన్ ఉండేది. టెల్లోలో అంతకంటే తక్కువకూ దొరుకుతాయి. చూపించే ధర మీద పన్నులు అదనం, ఈ లెక్క మరిచిపోవద్దు. రోజంతా ఇంట్లో వైఫై మీద ఉండేవాళ్లకు అన్‌లిమిటెడ్ డేటా అనవసరం. పార్కు దాకా నడిచి వెళ్లినప్పుడు మ్యాప్ చూడటానికి, అమ్మాయి ఫోన్ చేస్తే ఎత్తడానికి, అవసరమైతే అక్కడి అత్యవసర నంబర్ 911కు చేయడానికి నెలకు ఒకటి రెండు జీబీలు చాలు. కానీ డబ్బు మిగులుతుందని అక్కడి నంబర్ అసలు లేకుండా మాత్రం ఉండొద్దు. దారి తెలియని ఊళ్లో పెద్దవాళ్లు ఫోన్ లేకుండా బయటికి వెళ్లకూడదు.

కాల్స్‌కు, డేటాకు అమెరికా సిమ్‌నే డిఫాల్ట్ చేయండి. వాట్సాప్ మాత్రం ఇండియా నంబర్ మీదే ఉంచండి. నంబర్ మార్చమని అడిగితే వద్దనండి. ఇండియా సిమ్‌కు కాల్ వస్తే ఎత్తకుండా, అదే మనిషికి వాట్సాప్‌లో తిరిగి చేయండి. ప్యాక్ లేకుండా ఎత్తితే నిమిషానికి పదుల రూపాయలు పడతాయి. ఈ సంగతి చుట్టాలకు ముందే చెప్పి ఉంచాలి. అమెరికా నంబర్‌కు మామూలు కాల్ చేస్తే వాళ్లకూ ఐఎస్డీ చార్జీ పడుతుందని కూడా చెప్పండి.

దిగిన మర్నాడే బ్యాంకు యాప్ తెరిచి ఓటీపీ వస్తోందో లేదో ఒకసారి చూసుకోండి. రాకపోతే ఇండియా సిమ్‌కు నెట్‌వర్క్‌ను సెట్టింగుల్లోంచి చేత్తో ఎంచి, ఫోన్ ఆపి మళ్లీ పెట్టండి. 1800తో మొదలయ్యే మన టోల్‌ఫ్రీ నంబర్లు విదేశం నుంచి చాలావరకు కలవవు. విదేశాల్లో ఉన్న ఖాతాదారుల కోసం బ్యాంకులు ఇచ్చే వేరే నంబర్‌ను ఇక్కడే రాసుకుని వెళ్లాలి.

తిరిగి బయల్దేరే వారం ముందు అమెరికా ప్లాన్‌కు ఆటో రెన్యూవల్ తీసేయించండి. లేకపోతే ఇండియాకు వచ్చేశాక కూడా పిల్లల కార్డు నుంచి నెలనెలా డబ్బు పోతూనే ఉంటుంది. ఆ నంబర్‌ను ఏ యాప్‌కైనా ఇచ్చి ఉంటే అప్పుడే మార్చేయండి, రేపు అది ఇంకొకరికి వెళ్తుంది. విమానం శంషాబాద్‌లో దిగాక కాల్స్‌కు, డేటాకు ఇండియా సిమ్‌ను మళ్లీ డిఫాల్ట్ చేసుకుని, ఆ రోజు నుంచి మామూలు డేటా ప్లాన్ వేయించుకోండి.