చలిలో పుట్టే పిల్లలకు మొదటి గంటలే గండం

చలిరోజుల్లో గొర్రెలు, మేకలు ఈనబోతుంటే కొట్టంలోకి గాలి ఎటునుంచి కొడుతోందో ముందే చూసి అడ్డు కట్టండి. కింద పొడి గడ్డి మందంగా పరవండి. పిల్ల ఒళ్లంతా ఉమ్మనీటితో తడిసి పుడుతుంది. ఆ తడి ఆరుతూ ఒంట్లో వేడిని లాగేస్తుంది. గాలి కూడా తోడైతే, పెద్దగా చలి లేని రోజైనా పిల్ల చల్లబడిపోతుంది.

అప్పుడు దాన్ని ఆదుకునేది బ్రౌన్ ఫ్యాట్ అనే గోధుమరంగు కొవ్వు. గొర్రెపిల్లలో ఇది ఎక్కువగా మూత్రపిండాల చుట్టూ ఉంటుంది. చర్మానికి చలి తగిలిందని మెదడుకు తెలియగానే నరాలు ఈ కొవ్వును రాజేస్తాయి. దాని కణాల్లోని యూసీపీ1 అనే ప్రొటీన్ వల్ల ఆ శక్తంతా నేరుగా వేడి అవుతుంది, వణకాల్సిన పని కూడా ఉండదు. కాబట్టి వణకడం లేదు కదా అని ధీమాగా ఉండకండి. చుట్టూ వెచ్చగా ఉంటే ఈ మంట నెమ్మదిస్తుంది, కొవ్వు మిగులుతుంది. చలి ముదిరితే ఆ కాస్త నిల్వా గంటల్లోనే కరిగిపోతుంది. కాన్పు కష్టమై ఆక్సిజన్ అందని పిల్లలో అసలు ఈ మంటే సరిగా రాజుకోదు, వాటిని మరీ కనిపెట్టుకుని ఉండాలి.

తల్లిని నాకనివ్వండి. అది నాకకపోతే పొడిగుడ్డతో మీరే గట్టిగా తుడవండి. రెండు గంటల్లోపు ముర్రుపాలు కడుపులో పడాలి, కిలో బరువుకు సుమారు 50 మిల్లీలీటర్లు. కొవ్వు అయిపోయేలోగా అందాల్సిన ఇంధనం ఇదే.

అనుమానం వస్తే పిల్ల నోట్లో వేలు పెట్టి చూడండి. చల్లగా తగిలితే ఆసనంలో థర్మామీటర్ పెట్టాలి. గొర్రెపిల్లకు 39 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ మామూలు, 37 కంటే తగ్గితే ప్రాణాపాయం. పుట్టి ఐదు గంటలు దాటిన పిల్ల అంతగా చల్లబడితే కంగారుగా మంట దగ్గర పెట్టకండి. నిల్వలన్నీ ఖర్చైపోయి రక్తంలో చక్కెర పడిపోయి ఉంటుంది, ఆ స్థితిలో వేడి చేస్తే ఫిట్స్ వచ్చి చనిపోవచ్చు. ముందు పశువైద్యుడితో గ్లూకోజ్ ఇప్పించాలి. తల నిలపలేని పిల్లకు నోట్లో పాలు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి, ఆ పని అసలు వద్దు.

పందిపిల్లల సంగతి వేరు. వాటికి యూసీపీ1 లేనే లేదు. వణకడం, ఒకదాన్నొకటి హత్తుకుని పడుకోవడం, అంతే వాటికి తెలిసిన దారి. వాటికి మొదటి రోజునుంచే వేడిదీపం తప్పదు. దీపాన్ని గొలుసుతో గట్టిగా కట్టి, గడ్డికి అందనంత ఎత్తులో వేలాడదీయండి. వేడెక్కువైతే పిల్లలు పక్కకు జరగడానికి చోటు వదలండి.