చేతికర్ర ఎత్తు ఒకసారి సరిచూడండి
మోకాలి నొప్పికని అమ్మకు అల్యూమినియం చేతికర్ర కొన్నాం. వారం తిరక్కుండానే "ఇప్పుడు భుజం కూడా లాగుతోందిరా" అంది. తప్పు కర్రది కాదు, మాదే. షాపులో ఎలా ఇచ్చారో అలాగే వాడేశాం.

రోజూ వేసుకునే చెప్పులతో నిటారుగా నిలబెట్టి, చేతులు పక్కలకు వదిలేయమనండి. కర్ర పిడి సరిగ్గా మణికట్టు మడత దగ్గరికి రావాలి. పిడి పట్టుకుంటే మోచేయి కొద్దిగా, ఓ 20 డిగ్రీలు వంగితే చాలు. కర్రకు వరుసగా చిల్లులుంటాయి కదా, బుడిపె లోపలికి నొక్కి జరిపితే 'టక్'మని ఇంకో చిల్లులో కూర్చుంటుంది. అది బయటికి పూర్తిగా వచ్చిందో లేదో చూశాకే బరువు వేయనివ్వండి. అమ్మ కర్రను రెండు చిల్లులు దించాం.

చాలామంది నొప్పి ఉన్న వైపే కర్ర పట్టుకుంటారు (మా అమ్మా అంతే, చెబితే ఓ పట్టాన నమ్మలేదు!). ఎడమ మోకాలు నొప్పయితే కర్ర కుడిచేతిలో ఉండాలి. ఎడమ కాలితో పాటే కర్రా ముందుకు పడాలి. అప్పుడే ఆ కాలి మీద భారం తగ్గుతుంది. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు కర్రా నొప్పి కాలూ ముందు.

కింద ఉండే రబ్బరు బుష్షు కూడా తిరగేసి చూడండి. గాట్లు అరిగి నున్నగా అయిపోతే తడి బాత్రూం టైల్స్ మీద జారుతుంది. కొత్తది కొనేటప్పుడు పాతది పట్టుకెళ్తే సైజు తేడా రాదు.